అప్పటి ఫెమినిజం మంచిదే అన్నావు కదా, చిన్నా

చిన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది. "అప్పటి ఫెమినిజం మంచిదేనమ్మా, చదువు కావాలన్నారు, ఓటు కావాలన్నారు, అందులో న్యాయం ఉంది, ఇప్పటిదే మితిమీరిపోయింది" అన్నావు. నేను ఏదో చెప్పబోయేలోపు మీటింగ్ ఉందని పెట్టేశావు. కోపం రాలేదు, నిజంగా రాలేదు. కానీ ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ మాట వినడం నాకు మొదటిసారి కాదు, నా నోటితో నేనే అన్న రోజు కూడా ఉంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను చెప్పాల్సింది మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది, వీలు చూసుకుని చదువు, సగంలో మాత్రం ఆపకు.

నువ్వు "అప్పటిది" అంటున్నావే, అది అప్పట్లో దాదాపు ఎవరికీ మంచిదిగా కనిపించలేదురా. నేను చెప్పాలనుకున్నది అదే. ఏ కాలం చూసినా, అంతకుముందు తరం ఆడవాళ్లు సాధించుకున్నది న్యాయంగానూ, అప్పుడు అడుగుతున్నది అతిగానూ కనిపించింది. "ఇంతవరకూ సరే, ఇక చాలు" అనే మాట రెండు వందల ఏళ్ల పైబడి వినిపిస్తూనే ఉంది. ఆ గీత మాత్రం ప్రతిసారీ కొంచెం ముందుకు జరుగుతూ వచ్చింది, దాన్ని జరిపినవాళ్లు ఎప్పుడూ అప్పటి "మితిమీరిన" వాళ్లే.

మొదటి నుంచీ చెబుతాను. 1789లో ఫ్రెంచి విప్లవం మనిషి హక్కుల ప్రకటన చేసింది. అందులో మనిషి అంటే మగమనిషే. ఒలింప్ ద గూజ్ అనే రచయిత్రి 1791లో దానికి జవాబుగా స్త్రీ హక్కుల ప్రకటన రాసింది. ఆడదానికి వధ్యశిల ఎక్కే హక్కు ఉన్నప్పుడు సభలో వేదిక ఎక్కే హక్కు ఎందుకుండదు అని అడిగింది. 1793 నవంబరులో ఆమె తల తీసేశారు. ఆ ఒక్క రాతకే చంపారని అనను, అప్పటి పాలకులను ఇంకా చాలా విషయాల్లో ఎదిరించింది, కానీ చచ్చిపోయాక కూడా వదల్లేదు, ఆడదానికి తగిన గుణాలు మరిచిపోయినందుకు పడిన శిక్ష ఇది అని పత్రికలో రాశారు. ఇక ఇంగ్లండులో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో అడిగింది ఏమిటనుకున్నావు? ఆడపిల్లలకు కూడా బుద్ధి ఉంది, దాన్ని పెంచే చదువు చెప్పండి అని. ఇంతే. ఈ మాటకు ఇవాళ ఎవరూ తల కూడా తిప్పరు. అప్పట్లో హొరేస్ వాల్‌పోల్ అనే పెద్దమనిషి ఆమెను గౌను తొడుక్కున్న హైనా అన్నాడు. నువ్వు మంచిదన్న ఫెమినిజం ఇదేరా.

నాకు ఎప్పుడూ మనసులో మెదిలేది ఇంకొకామె, కరోలిన్ నార్టన్. ఆమెదీ ఇంగ్లండే. ఆ రోజుల్లో అక్కడి చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదానికి వేరే ఉనికే లేదు, ఆమె సంపాదన భర్తది, పిల్లలు భర్తవాళ్లు. 1836లో భర్త ఆమెను తల్లి అని కూడా చూడకుండా ముగ్గురు మగపిల్లలనూ తీసుకెళ్లిపోయాడు, వాళ్లను చూడాలన్నా ఆమెకు హక్కు లేదు. ఆమె రాసి సంపాదించుకున్న డబ్బు మీద కూడా అతనికే హక్కు. ఆమె ఊరుకోలేదు, రాసింది, తిరిగింది, పార్లమెంటు సభ్యులను పట్టుకుంది. 1839లో చట్టం మారి, ఏడేళ్లలోపు పిల్లలను తనకు అప్పగించమని తల్లి కోర్టును అడగొచ్చు అన్నారు. చాలా చిన్న మార్పు, కానీ మొదటిది. నన్ను ఆపేసింది ఆ తర్వాతి సంగతి. ఇంత పోరాడిన ఆమే, ఆడది మగవాడికంటే తక్కువే, సమానత్వమనే పిచ్చి వాదన నేనెప్పుడూ చేయలేదు అని రాసింది. చూశావా, గీతను జరిపిన మనిషి కూడా తన అడుగు దాటగానే "ఇక చాలు" అంది. ఆమెను తప్పుపట్టను. తన కళ్ల ముందున్న గోడ ఆమెకు కనిపించింది, దాని వెనకున్న గోడ కనిపించాలంటే ముందు ఇది పడిపోవాలి కదా.

1848లో అమెరికాలో సెనెకా ఫాల్స్ అనే చోట దాదాపు 300 మంది కలిసి ఆడవాళ్ల హక్కుల మీద సభ పెట్టారు. ఆస్తి, చదువు, ఉద్యోగం, పెళ్లి, అన్నిటి మీదా తీర్మానాలు చేశారు. అన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఓటు! ఓటు అడిగితే మనల్ని చూసి నవ్వుతారని అక్కడికి వచ్చిన ఆడవాళ్లే భయపడ్డారు. బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ లేచి గట్టిగా మాట్లాడితే గానీ అది నెగ్గలేదు. ఆ ప్రకటన మీద 68 మంది ఆడవాళ్లు సంతకం పెట్టారు. అమెరికాలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1920లో. 72 ఏళ్లు. ఆ సంతకాలు పెట్టిన వాళ్లలో అప్పటికి మిగిలింది షార్లెట్ వుడ్‌వర్డ్ ఒక్కతే. మిగతా 67 మందీ ఆ రోజు చూడకుండానే పోయారు. అదే 1848లో పుణేలో సావిత్రిబాయి ఫూలే ఆడపిల్లలకు బడిలో పాఠాలు మొదలుపెట్టింది, దారిలో ఆమె మీద పేడ, బురద విసిరేవారు. ఆమె అతిగా పోయిందనే విసిరారు.

ఓటు సంగతి ఎక్కువ చెప్పను, అది నీకు తెలుసు. 1893లో మొదట న్యూజిలాండ్ ఇచ్చింది. కానీ రెండు విషయాలు నీకు తెలియకపోవచ్చు. బ్రిటన్‌లో మాకు ఓటు వద్దు అంటూ ఆడవాళ్లే 1908లో సంఘం పెట్టుకున్నారు. కాబట్టి "ఆడవాళ్లే ఒప్పుకోవడం లేదు కదమ్మా" అని నువ్వు అప్పుడప్పుడూ అనే మాట ఉందే, అది అప్పుడూ ఉంది, అందువల్ల ఏదీ తేలదు. రెండోది, మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యానికి పోతే ఫ్యాక్టరీల్లో ఫిరంగి గుండ్లు తయారు చేసింది ఆడవాళ్లు, వాళ్లలో చాలామంది వయసులో చిన్నవాళ్లు. 1918లో బ్రిటన్ ఓటు ఇచ్చింది 30 ఏళ్లు దాటి, తనకో భర్తకో కాస్త ఆస్తి ఉన్న ఆడవాళ్లకు మాత్రమే. గుండ్లు చేసిన ఆ పిల్లలు 1928 దాకా ఆగాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్‌లోనైతే 1959లో మగవాళ్లందరినీ అడిగారు, ఆడవాళ్లకు ఓటు ఇద్దామా అని. మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. 1971లో ఒప్పుకున్నారు. అప్పటికి నాకు ఆరేళ్లు.

సమాజం మారింది కాబట్టే ఆడవాళ్ల పరిస్థితి మారింది, ఉద్యమాలదేముంది అని కూడా అన్నావొకసారి. అందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేను కాదనను. ఫ్యాక్టరీలు రాకపోతే ఆడది జీతం తెచ్చుకునేది కాదు. యుద్ధాలు రాకపోతే ఆమె ఆ పనులు చేయగలదని ఎవరూ నమ్మేవారు కాదు. నల్లాలో నీళ్లు, బట్టలుతికే మెషీన్ ఎన్ని గంటలు మిగిల్చాయో మా అమ్మను చూసిన నాకు తెలుసు. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది. పిల్లలు ఎప్పుడు పుట్టాలో తన చేతుల్లో ఉన్నప్పుడే కదా ఒక అమ్మాయి ధైర్యంగా ఐదారేళ్ల చదువులో చేరగలిగేది. కానీ మాత్ర కనిపెట్టినంత మాత్రాన అందలేదు. పెళ్లయినవాళ్లు గర్భనిరోధకాలు వాడుకోవడం వాళ్ల హక్కు అని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది 1965లో, పెళ్లికానివాళ్లకూ ఆ హక్కు ఉందని చెప్పింది 1972లో. యుద్ధమూ అంతే, అవసరమైనప్పుడు పనిలోకి రమ్మన్నారు, రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే ఇళ్లకు వెళ్లమన్నారు. మార్పు తలుపు కాస్త తెరుస్తుంది, మళ్లీ మూసుకుపోకుండా ఎవరో ఒకరు కాలు అడ్డం పెట్టాలి.

ఆ కాలు అడ్డం పెట్టినవాళ్లలో నాకు చాలా ఇష్టమైన మనిషి హంసా మెహతా, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘంలో మన దేశం ప్రతినిధి. అక్కడ మానవ హక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు మొదటి అధికరణం తొలి వాక్యంలో "ఆల్ మెన్" అని ఉంది, మగవాళ్లందరూ అనే అర్థం కూడా దానికి ఉంది. అది "మనుషులందరూ" అని మారాలని ఆమె పట్టుబట్టింది. మెన్ అంటే అందరూ అనే అర్థం కదా, ఇంత చిన్న మాటకు గొడవెందుకు అని నీలాంటివాడు ఆ రోజు అనే ఉంటాడు. 1948లో ప్రకటన వెలువడేసరికి ఆ వాక్యం "మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుడతారు" అని మారింది. మాటల కోసం కొట్లాడుతున్నారని ఇప్పటివాళ్ల మీద చిరాకు పడ్డావు కదా, ఈ సంగతి గుర్తుపెట్టుకో.

1965 వరకూ ఫ్రాన్స్‌లో భార్య తన పేరున బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఉద్యోగం చేయాలన్నా భర్త అడ్డు చెప్పొచ్చు. నేను పుట్టిన ఏడాది అది. పశ్చిమ జర్మనీలో ఇంటి బాధ్యతలకు అడ్డు రాకపోతేనే భార్య ఉద్యోగం చేయొచ్చు అనే నియమం 1977 దాకా చట్టంలోనే ఉంది. ఇవన్నీ ఓటు వచ్చేసిన దేశాలు. అక్కడ కూడా "ఓటు ఇచ్చాం కదా, ఇంకా ఏమిటి" అని అడిగారు. ఓటు వచ్చాకే తెలిసింది, ఓటు వేసి ఇంటికొచ్చిన ఆడది ఇంట్లో ఎవరి కింద ఉందో. అందుకే 1960లు, 70లలో లేచిన ఫెమినిజం ఇంటి లోపలికి వచ్చింది. ఎవరు వండాలి, దెబ్బలు తింటే ఎవరికి చెప్పుకోవాలి, పడక గదిలో వద్దనే హక్కు ఉందా. అప్పటిదాకా ఇవి ఆలుమగల మధ్య విషయాలు. "వ్యక్తిగతమైనదే రాజకీయం" అన్నారు వాళ్లు. ఎంత తిట్టించుకున్నారో. పెళ్లాం మీద బలాత్కారం అనే మాటకే అర్థం లేదని ఇంగ్లండు న్యాయస్థానాలు శతాబ్దాల పాటు అనుకుంటూ వచ్చాయి, అది నేరమేనని అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నది 1991లో. కొడుక్కి ఈ మాట రాయడం నాకు సులువుగా లేదు. కానీ పెళ్లయినవాడివి, రాయాలి.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది నాకు దగ్గరి విషయం.

అమెరికాలో కార్మిటా వుడ్ అనే ఆవిడ కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసేది. పైన ఉన్న ప్రొఫెసర్ ఆమెతో తప్పుగా ప్రవర్తించేవాడు. బదిలీ అడిగింది, ఇవ్వలేదు, చివరికి మానేసింది. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెడితే ఎందుకు మానేశావని అడిగారు. జరిగినదానికి ఏ పేరు పెట్టాలో తెలియక వ్యక్తిగత కారణాలు అంది. భృతి ఇవ్వలేదు. ఆ తర్వాత కొందరు ఆడవాళ్లు కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటే, గదిలో అందరికీ అలాంటిదే ఏదో జరిగిందని తేలింది. దీనికి ఒక పేరు ఉండాలనుకున్నారు. 1975లో "సెక్సువల్ హెరాస్‌మెంట్", అంటే లైంగిక వేధింపు, అనే మాట ప్రజల్లోకి వచ్చింది.

నా మొదటి ఉద్యోగం నీకు గుర్తుండదు, నువ్వు పుట్టకముందు సంగతి. ఎనిమిది నెలలు చేసి మానేశాను. దూరం ఎక్కువని ఇంట్లో చెప్పాను, నీకూ అదే చెప్పాను ఇన్నాళ్లూ. దూరం కాదురా. పై అధికారి ఒకడు ఫైలు ఇచ్చేటప్పుడు చెయ్యి తాకించేవాడు, అందరూ వెళ్లిపోయాక ఏదో పని ఉందని కూర్చోమనేవాడు, కుర్చీ వెనక నిలబడి మాట్లాడేవాడు. ఇంతకంటే రాయను. రోజూ పొద్దున బయల్దేరేటప్పుడు కడుపులో తిప్పేది. ఎవరికి చెప్పను, ఏమని చెప్పను? చెయ్యి తగిలింది అంటే పొరపాటున తగిలి ఉంటుందంటారు. రాజీనామా కాగితంలో నేనూ "వ్యక్తిగత కారణాల వల్ల" అనే రాశాను. కార్మిటా వుడ్ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివినప్పుడు ఆ ఒక్క మాట దగ్గర చదవడం ఆపేసి ఏడ్చాను. మీ నాన్నకు ఆ రోజే మొదటిసారి చెప్పాను. నాకు జరిగినదానికి అప్పటికే పేరు ఉంది. ఆ పేరు నాదాకా రాలేదు, అంతే.

కాబట్టి ఇప్పటి పిల్లలు ప్రతిదానికీ ఒక పేరు పెడుతున్నారు, ప్రతి చిన్నదాన్నీ పెద్దది చేస్తున్నారు అని నువ్వంటే నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. 2006లో తరానా బర్క్ అనే నల్లజాతి స్త్రీ, వేధింపులకు గురైన ఆడపిల్లల కోసం "మీ టూ", అంటే "నాకు కూడా", అనే రెండు మాటలతో పని మొదలుపెట్టింది. 2017 అక్టోబరులో అవే రెండు మాటలు ఫోన్లలో ప్రపంచమంతా తిరిగాయి. నేను ఏమీ పోస్ట్ చేయలేదు. కానీ ఆ రాత్రి అవన్నీ చదువుతూ కూర్చున్నాను, ఒక్కొక్కరూ రాస్తుంటే నా కుర్చీ వెనక ఇన్నాళ్లూ నిలబడి ఉన్నవాడు వెనక్కి జరిగినట్టు అనిపించింది.

ఫెమినిజం తనను తాను కూడా మార్చుకోవాల్సి వచ్చింది, అది చెప్పకపోతే నీకు సగమే చెప్పినట్టు. ఓటు కోసం పోరాడిన తెల్లజాతి నాయకురాళ్లలో కొందరు నల్లజాతి ఆడవాళ్లను వెనక్కి నెట్టారు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఉద్యోగం కావాలన్న మధ్యతరగతి ఆడవాళ్ల బాధ నిజమే, కానీ తరతరాలుగా వాళ్ల ఇళ్లలో పనిచేస్తున్నవాళ్లు ఎప్పుడు ఖాళీగా కూర్చున్నారు? 1976లో అమెరికాలో ఐదుగురు నల్లజాతి స్త్రీలు తమ మీద వివక్ష చూపిందని ఒక పెద్ద కార్ల కంపెనీ మీద వేసిన కేసు ఓడిపోయారు. ఆ కంపెనీ ఆడవాళ్లను తీసుకుంటోంది కదా అంది కోర్టు, తీసుకున్నది ఆఫీసు పనికి తెల్లవాళ్లను. నల్లవాళ్లను తీసుకుంటోంది కదా అంది, తీసుకున్నది ఫ్యాక్టరీలోకి మగవాళ్లను. వీళ్లు రెండూ అయినందుకు ఎందులోనూ లెక్కకు రాలేదు. కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు 1989లో ఇలాంటి కేసులనే పట్టుకుని, రెండు దారులు కలిసే కూడలిలో నిలబడిన మనిషికి ఏ వైపు నుంచి బండి వచ్చి గుద్దిందో ఎలా చెబుతారని అడిగింది. దళిత స్త్రీలు అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే. ఇలా అడిగినవాళ్లను ఉద్యమాన్ని చీలుస్తున్నారని ఉద్యమంలోవాళ్లే అన్నారు. ఆడవాళ్లకు కూడా "ఇక చాలు" అనడం బాగా వచ్చు.

ఇప్పుడు నీ ఇంటికి వస్తాను, కోపం తెచ్చుకోకు. నువ్వు వంట చేస్తావు, గిన్నెలు కడుగుతావు, నాకు తెలుసు, నాకు చాలా సంతోషం. మీ నాన్న ఎప్పుడూ చేయలేదు. అయితే ఫోన్‌లో ప్రతిసారీ ఏమంటావో గమనించావా? "తనకు సాయం చేస్తున్నానమ్మా" అంటావు. సాయం ఎవరికి చేస్తాం? వాళ్ల పనిలో చేస్తాం. అంటే పని తనది, నువ్వు మంచివాడివి కాబట్టి చెయ్యి వేస్తున్నావు. ఏది అయిపోయింది, ఏది తేవాలి, ఎవరికి మందు ఎప్పుడు వేయాలి, ఇవన్నీ బుర్రలో మోస్తున్నది తనే, నువ్వు చెప్పింది చేస్తున్నావు. నేనే నిన్ను అలా పెంచాను, అది కూడా ఒప్పుకుంటాను. మీ అక్కను పని చేయమన్నాను, నిన్ను పనిలో సాయం చేయమన్నాను. ఆ తేడా అప్పుడు నాకు వినిపించలేదు.

2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క వేస్తే, ప్రపంచంలో జీతం లేకుండా జరిగే ఇంటి పని, పిల్లల్నీ ముసలివాళ్లనూ చూసుకునే పని గంటల్లో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లే చేస్తున్నారని తేలింది. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో ఇదే చూపించారు. దాదాపు 90 శాతం మంది ఆడవాళ్లు ఒక రోజు ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ ఆపేసి వీధుల్లోకి వచ్చారు. బళ్లు, ఫ్యాక్టరీలు, బ్యాంకులు చాలావరకు మూతపడ్డాయి, తండ్రులు పిల్లల్ని ఆఫీసులకు మోసుకుపోయారు. ఐదేళ్లకు అక్కడి ప్రజలు విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు, ఒక దేశానికి ప్రజలు ఓటేసి ఎన్నుకున్న మొదటి మహిళా అధ్యక్షురాలు ఆమే.

క్లాడియా గోల్డిన్ అనే ఆర్థికవేత్తకు 2023లో నోబెల్ ఇచ్చారు, రెండు వందల ఏళ్ల ఆడవాళ్ల ఉద్యోగాల లెక్కలు తవ్వి తీసినందుకు. ఆమె చెప్పింది నువ్వు వినాలి. ఇప్పుడు సంపన్న దేశాల్లో ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న ఆడ మగ మధ్య జీతంలో తేడా ఎక్కువగా మొదలయ్యేది మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచీ. రాత్రనక పగలనక అందుబాటులో ఉంటేనే ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాలున్నాయి కదా, నీది అలాంటిదే, ఒకరు అందులో ఉండాలంటే రెండోవాళ్లు ఇంట్లో అందుబాటులో ఉండాలి. ఏ చట్టమూ ఆమెను ఆపడం లేదు. ఎవరూ పొమ్మనడం లేదు. అయినా ఆమె వెనకబడుతోంది. 1970ల నినాదాలకు ఈ గోడ అందదు, దీనికి కొత్త మాటలు కావాలి, అందుకే ఇప్పటివాళ్ల మాటలు నీకు కొత్తగా, వింతగా ఉన్నాయి. ఇందులో మగవాడికి పోయేది ఏమీ లేదని కూడా చెప్పాలి. నార్వేలో 1993లో బిడ్డ పుట్టినప్పటి సెలవులో నాలుగు వారాలు తండ్రికే అన్నారు, ఆయన తీసుకోకపోతే అవి పోతాయి. అంతకుముందు ఆ సెలవు తీసుకునే తండ్రులు బహు తక్కువ. కొన్నేళ్లకే తీసుకోనివాళ్లు తక్కువైపోయారు. నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న మూడో రోజే ఆఫీసుకు వెళ్లిపోయారు. నీ మొదటి నవ్వు ఆయన చూడలేదు. ఆ మాట ఇప్పటికీ అంటారు, నీతో కాదు, నాతో.

నీతో ఒప్పుకునేవి కూడా ఉన్నాయి. ఒక మనిషి గురించి ఏదో రాగానే ముందూ వెనకా వినకుండా ఒక్క పూటలో వాడి బతుకు తేల్చేయడం నాకూ నచ్చదు. నినాదాన్ని చొక్కా మీద అచ్చేసి అమ్ముకుంటూ, ఆ చొక్కా కుట్టిన ఆడదానికి చాలీచాలని కూలి ఇచ్చే వ్యాపారమైతే అసలు నచ్చదు. పైన నలుగురు ఆడవాళ్లు పెద్ద కుర్చీల్లో కూర్చుంటే కింద అందరికీ న్యాయం జరిగిపోయిందనుకోవడం కూడా తప్పే. వీటిని నువ్వు తిట్టు, నేనూ తిడతాను. ఫెమినిస్టుల్లోనే వీటిని తిట్టేవాళ్లు బోలెడు మంది ఉన్నారు.

కానీ గెలిచినవన్నీ గెలిచినట్టే ఉంటాయని మాత్రం అనుకోకు. అమెరికాలో గర్భస్రావానికి 1973 నుంచి ఉన్న రాజ్యాంగ రక్షణను అక్కడి సుప్రీంకోర్టు 2022లో తీసేసింది. తల్లికి ఉన్న హక్కు కూతురికి లేకుండా పోయింది. అఫ్ఘానిస్తాన్‌లో 2021 తర్వాత ఆడపిల్లలకు పెద్ద బళ్లు మూసేశారు, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూసేశారు. ఒకప్పుడు చదివి డాక్టర్లూ జడ్జీలూ అయినవాళ్ల పిల్లలు ఇంట్లో కూర్చున్నారు. 1792లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ అడిగినదే వాళ్లు ఇవాళ అడుగుతున్నారు. నువ్వు "అప్పటిది" అన్నది అక్కడ ఇప్పటిదే.

ఇక మొదట్లో దాచిన సంగతి. పోయిన ఏడాది నా కోడలు నాతో ఒంటరిగా కూర్చుని, తనకు పిల్లలు కావాలని లేదని చెప్పింది. నీకూ చెప్పాననీ, నువ్వు ఇంకా ఆలోచిస్తున్నావనీ అంది. నేను పైకి ఏమీ అనలేదు. లోపల మాత్రం, చదువుకున్నావు, ఉద్యోగం చేస్తున్నావు, ఇంట్లో నీ మాట చెల్లుతోంది, ఇది మరీ అతి అనుకున్నాను. రాత్రి మీ నాన్నతో ఆ మాట పైకే అన్నాను. "మా కాలంలో మేం అడిగినవాటిలో న్యాయం ఉంది, ఇది మితిమీరింది" అన్నాను. మీ నాన్న ఏమీ మాట్లాడకుండా నా వైపు చూశారు. నేను ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మా అత్తగారు ఇదే మాట, దాదాపు ఇవే అక్షరాలు అన్నారు. డిగ్రీ దాకా చదివించారు కదా, అది న్యాయం, ఉద్యోగం మరీ అతి అన్నారు. ఆ రోజు మీ నాన్న గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు, అప్పుడూ ఏమీ మాట్లాడలేదు.

నాకు మనవడో మనవరాలో కావాలని ఉంది, అబద్ధం చెప్పను. ఆ కోరిక నాది. ఆ ఒళ్లు తనది, ఆ ఏళ్లు తనవి. తన నిర్ణయం నాకు పూర్తిగా అర్థమైందని కూడా చెప్పలేను, బహుశా నా కళ్లకు ఆ గోడ కనిపించే చోట నేను లేను. నీతో ఫోన్‌లో ఆ గొడవ ఎక్కడ మొదలైందో నాకు తెలుసురా, నువ్వు ఫెమినిజం అన్నావు గానీ మాట్లాడింది తన గురించే.

ఈ ఉత్తరం తనకూ చూపించు. నా కుర్చీ సంగతి కూడా చదవనీ, పర్వాలేదు. ఆదివారం ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి, ముందు తనతో మాట్లాడతాను, ఆ రోజు నేను ఏమీ అడగలేదు, ఈసారి అడిగి వింటాను.

అమ్మ